డ్రిల్లు మాస్టారంటే అంత లోకువా?

ఏ స్కూలైనా తీసుకోండి. జెండా పండక్కి కర్ర పాతించేది డ్రిల్లు మాస్టారు. ప్రేయరులో పిల్లల్ని వరసలో నిలబెట్టేది ఆయనే. గేటు దగ్గర ఆలస్యంగా వచ్చినవాళ్ళని ఆపేదీ, మధ్యాహ్నం కంచాల దగ్గర తోసుకోకుండా చూసేదీ, పెద్దవాళ్ళెవరైనా స్కూలుకి వస్తే కుర్చీలు వేయించేదీ కూడా ఆయనే. లెక్కల మాస్టారు సెలవు పెడితే ఆ క్లాసులో ఈయన్నే కూర్చోబెడతారు. పరీక్షలు దగ్గర పడ్డాయంటే ముందు ఎగిరిపోయేది ఈయన పీరియడే. అందరి పనులూ చేయిస్తారు గానీ, ఆయన పని ఆయన్ని చెయ్యనివ్వరు.

పెళ్ళి సంబంధాల దగ్గరా ఇదే తంతు. "అబ్బాయి గవర్నమెంటు టీచరండీ" అనగానే ఆడపిల్లవాళ్ళ మొహాలు వెలిగిపోతాయి. "ఏం సబ్జెక్టండీ?" అని అడుగుతారు. "పీఈటీ" అని చెప్పగానే ఆ వెలుగు కాస్త తగ్గుతుంది. ఫిజిక్సు చెప్పేవాడు మాస్టారు, ఈల ఊదేవాడు ఏదో ఉద్యోగస్తుడు అన్నట్టు చూస్తాం.

ఇప్పుడు ఇదంతా ఎందుకు ఎత్తుకున్నానంటే, ఫుట్‌బాల్‌లో మన దేశానికి ఇప్పటిదాకా మరే కోచ్ తేలేనంత పేరు తెచ్చినాయన ఒక డ్రిల్లు మాస్టారు. మన హైదరాబాదు మాస్టారు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో అజయ్ దేవగణ్ నటించిన 'మైదాన్' సినిమా వచ్చింది కదా, అది ఆయన కథే. అందులో ప్రియమణి ఆయన భార్యగా వేసింది. సినిమా చూసి కళ్ళు తుడుచుకున్న వాళ్ళం చాలామందిమి ఉన్నాం. మరి సినిమా అయ్యాక, మన పిల్లల స్కూల్లో డ్రిల్లు మాస్టారు ఉన్నారా లేరా అని ఎంతమందిమి కనుక్కున్నాం? నేను చెప్పదలుచుకున్నది ఆ సంగతే.

ముందు ఆయన గురించి చెప్తాను. రహీం గారు 1909లో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదివారు, అక్కడి ఫుట్‌బాల్ జట్టులో బాగా ఆడేవాడని పేరు తెచ్చుకున్నారు. చదివింది ఆర్ట్స్ డిగ్రీ. (నాలాగా బీఏ అన్నమాట. బీఏతో ఏమొస్తుంది అని అడిగేవాళ్ళకి ఇకనుంచి ఆయన్ని చూపిస్తాను.) తర్వాత బడిపంతులయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూల్లో, ఉర్దూ షరీఫ్ స్కూల్లో, దారుల్ ఉలూమ్ హైస్కూల్లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పనిచేశారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, చివరి రెండు స్కూళ్ళలో పిల్లల ఆటపాటల బాధ్యత తీసుకున్నారు. అంటే మన భాషలో అచ్చంగా డ్రిల్లు మాస్టారు.

ఆయన కోచ్‌గా ఉన్న హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పుని 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు గెలిచింది. అప్పట్లో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అంటే ఊగిపోయే రోజులు. అలాంటి రోజుల్లో దక్కను నుంచి పోలీసు కుర్రాళ్ళు వెళ్ళి ఐదేళ్ళపాటు కప్పు పట్టుకొచ్చేశారంటే వెనకాల ఎంత సాధన ఉండాలి!

1950లో దేశం జట్టు ఆయన చేతికి వచ్చింది. 1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగితే ఫైనల్లో ఇరాన్ మీద 1-0తో గెలిచి బంగారు పతకం తెచ్చాం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాని వాళ్ళ గడ్డ మీదే 4-2తో ఓడించి సెమీ ఫైనల్‌కి వెళ్ళాం. ఆసియాలో అంతకుముందు ఏ దేశమూ ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అంతదాకా వెళ్ళలేదు. చివరికి నాలుగో స్థానం వచ్చింది. 1962లో జకార్తాలో మళ్ళీ ఆసియా బంగారు పతకం గెలిచాం. ఆ తర్వాత ఇన్నేళ్ళయినా ఆసియా క్రీడల్లో మనకి ఫుట్‌బాల్ బంగారం రాలేదు. 1960 రోమ్ తర్వాత ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టు అడుగు పెట్టనే లేదు. ఒక్క మనిషి పోవడం వల్లే ఇంతా జరిగిందని నేననను. కారణాలు చాలా ఉంటాయి. కానీ ఆయన ఉన్నప్పుడు ఏం చేశారో చూస్తే, ఆయన పోయాక మనం ఏం వదిలేశామో తెలుస్తుంది.

ఆయన చేసినవన్నీ బడిపంతులు చేసే పనులే. హైదరాబాదులో పిల్లలకి రకరకాల పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో అలవాటైన కాలితో బంతి తన్నకూడదు, రెండో కాలితోనే ఆడాలి. ఇంకో పోటీలో బంతిని కాళ్ళ దగ్గరే పెట్టుకుని ఒక్కడే ముందుకు దూసుకుపోకూడదు, వెంటనే పక్కవాడికి అందించాలి. ఈ రెండు నియమాలూ ఒక్కసారి ఆలోచించండి. మొదటిది నీలో బలహీనంగా ఉన్నదాన్ని దాచుకోకు, దానికే పని చెప్పు అంటుంది. రెండోది నీ ఒక్కడి ప్రతాపం చాలు, పక్కవాడిని చూడు అంటుంది. మనం పిల్లలకి ఇంట్లో రోజూ చెప్పే నీతులే ఇవి. మనం నోటితో చెప్తాం, వాళ్ళు ఈ చెవితో విని ఆ చెవితో వదిలేస్తారు. ఆయన ఆటలో నియమంగా పెట్టేశారు, వాళ్ళు వినకుండా ఆట సాగదు.

తులసీదాస్ బలరాం అని గొప్ప ఆటగాడు ఉండేవారు. మెల్‌బోర్న్‌లో, రోమ్‌లో, జకార్తాలో ఆడారు. రోమ్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టారు. 2023 ఫిబ్రవరిలో పోయారు. సికిందరాబాదు పక్కన అమ్ముగూడలో పేదింటి పిల్లాడు. ఆట సంగతి పక్కనపెట్టి కొడుకు చదువుకోవాలని వాళ్ళమ్మ కోరిక. ఏ తల్లయినా అదే కోరుకుంటుంది, ఆవిడని తప్పు పట్టలేం. రహీం గారు ఈ కుర్రాణ్ణి చూసి హైదరాబాదు వచ్చి సాధన చెయ్యమన్నారట. అంత దూరం రోజూ రావడానికి నా దగ్గర డబ్బుల్లేవన్నాడట కుర్రాడు. ఆయన సైకిలు అద్దెకి డబ్బులిచ్చారట. ఇది బలరాం గారే పెద్దయ్యాక చెప్పుకున్న సంగతి.

నన్నడిగితే కోచ్ ఉద్యోగం మొత్తం ఆ సైకిలు అద్దెలో ఉంది. ఆట నేర్పడం తర్వాత. ముందు పిల్లాడు గ్రౌండు దాకా రావాలి. రానివ్వకుండా అడ్డం పడుతున్నది ఏమిటో కనిపెట్టి దాన్ని తీసెయ్యాలి. ఇంట్లో మనం చేసే పనిలో సగం ఇదే కదా. పిల్ల పరీక్ష రాస్తుంది, మార్కులు పిల్లవి. ఆ ఉదయం పెన్నులో ఇంకు చూసిందీ, టిఫిను సకాలానికి పెట్టిందీ మార్కుల లిస్టులో ఉండవు. కోచ్ పేరు కూడా స్కోరు బోర్డు మీద ఉండదు. అందుకే ఆ పనిని మనం త్వరగా అర్థం చేసుకోవాలి. నిజానికి మనమే ఎక్కువ చిన్నచూపు చూస్తున్నాం.

రహీం గారి జీవితంలో గెలుపుల కన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఒక ఓటమి. 1952 హెల్సింకీ ఒలింపిక్స్. యుగోస్లావియా చేతిలో మన జట్టు 10-1తో ఓడిపోయింది. ఆ చలిలో మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండా వట్టి కాళ్ళతో ఆడారు. పది గోల్స్! ఇప్పుడైతే ఫోన్లలో ఆయన మీద ఎన్ని జోకులు తిరిగేవో. ఆ ఓటమి తర్వాత మన ఫుట్‌బాల్ పెద్దలు బూట్లు వేసుకుని తీరాలని రూలు పెట్టారు. రహీం గారు ఆట తీరు మార్చుకుంటూ వచ్చారు. నాలుగేళ్ళకి మెల్‌బోర్న్‌లో ఆయన జట్టు ఒలింపిక్ సెమీస్‌కి వెళ్ళింది. సెమీస్‌లో ఎదురుపడ్డది మళ్ళీ ఆ యుగోస్లావియానే. ఈసారీ ఓడిపోయాం, కానీ 4-1తో. పదికీ నాలుక్కీ మధ్య ఎంత పని జరిగి ఉంటుందో ఆలోచించండి. పది గోల్స్ తిన్న మనిషికి దేశం ఇంకో నాలుగేళ్ళు ఇచ్చింది కాబట్టి అది జరిగింది.

ఈ ఓపిక అన్ని చోట్లా ఉండదు. అమెరికాలో ఉండే మా తోడికోడలు ఫోన్‌లో అక్కడి కాలేజీ ఫుట్‌బాల్ గురించి చెప్తూంటే నేను నోరు తెరుచుకుని విన్నాను. వాళ్ళ ఫుట్‌బాల్ మనది కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తడం, అవతలివాళ్ళు మీద పడి పడెయ్యడం. ఆడేది కాలేజీ పిల్లలే గానీ, వాళ్ళ కోచ్‌ల జీతాలు వింటే కళ్ళు తిరుగుతాయి. అక్కడ సగానికి పైగా రాష్ట్రాల్లో ప్రభుత్వ ఉద్యోగులందరిలోకీ ఎక్కువ జీతం ఎవరిదంటే గవర్నరుది కాదుట, యూనివర్సిటీ జట్టు కోచ్‌ది. అలబామా యూనివర్సిటీలో నిక్ సేబన్ అని ఒకాయన 17 సీజన్లు కోచ్‌గా ఉండి 2024 జనవరిలో రిటైరయ్యారు. అంతకుముందు ఇంకో యూనివర్సిటీలో గెలిచిన దానితో కలిపి ఏడు జాతీయ టైటిళ్ళు. జీతం ఏడాదికి కోటి డాలర్ల పైమాటే. ఇంకో వింత. టెక్సస్‌లో ఒక యూనివర్సిటీ 2023 నవంబరులో తన కోచ్‌ని మధ్యలోనే తీసేసి, కాంట్రాక్టు ప్రకారం ఏడున్నర కోట్ల డాలర్లకు పైగా ఇవ్వడానికి ఒప్పుకుంది. వెళ్ళిపోయినందుకు అంత డబ్బు!

మనకి అంత వెర్రి అక్కర్లేదు. డబ్బు ఎక్కువైన చోట ఓపిక తక్కువవుతుందని ఆ కథలే చెప్తున్నాయి. రెండేళ్ళు గెలవకపోతే కోచ్‌ని మార్చేస్తారు. కానీ ఒక్క సంగతి మాత్రం వాళ్ళ దగ్గర నేర్చుకోవచ్చు. ఆట నేర్పడం ఒక వృత్తి అనీ, చదువుకునే చోటే దానికీ చోటుండాలనీ వాళ్ళు అనుకుంటారు. మనం ఆట నేర్పేవాణ్ణి కుర్చీలు మోయించడానికి వాడుకుంటాం.

అలాగని కోచ్ అంటే ఏంటో మనకి తెలియదనుకుంటున్నారా? మా ఉండి, భీమవరం, ఆకివీడు వైపు ఒక్కసారి రండి. సంక్రాంతికి ఆరు నెలల ముందు నుంచీ పందెం కోళ్ళకి జరిగే తయారీ చూడండి. డేగకొకటి, కాకికొకటి, నెమలికొకటి లెక్కలు. జీడిపప్పు, బాదంపప్పు, ఉడకబెట్టిన గుడ్డు వేళకి అందాలి. పొద్దున్నే నడక, చెరువులో ఈత, తర్వాత వేణ్ణీళ్ళ కాపడం. దాని ఒంటికి ఏం పడుతుందో, దానికి ఎప్పుడు కోపం వస్తుందో తెలిసిన మనిషి జీతానికి ఉంటాడు. ఆ మనిషికి ఊళ్ళో ఎంత గౌరవమో! కోర్టులు వద్దంటున్నా ఆగని ఆ పందేల గురించి మంచీ చెడూ ఇక్కడ మాట్లాడను, అదో పెద్ద కథ. నా బాధల్లా ఒకటే. మా వైపు కోడికి ఉన్న కోచ్ ఆడపిల్లకి లేడు.

ఆట స్థలాల సంగతి కూడా చెప్పాలి. నా చిన్నప్పుడు దాళ్వా కోతలు అయిపోయాక చేలన్నీ ఖాళీ. వేసవి సెలవులు సరిగ్గా అప్పుడే. ఊళ్ళో మగపిల్లలందరికీ అవే గ్రౌండ్లు. గట్టు మీద నిలబడి మేమూ చూసేవాళ్ళం, బంతి మా వైపు వస్తే తిరిగి విసిరేవాళ్ళం. ఇప్పుడు ఆ చేలల్లో చాలా భాగం చేపల చెరువులూ రొయ్యల చెరువులూ అయిపోయాయి. చెరువుకి వేసవి సెలవులుండవు, ఏడాది పొడుగునా నీళ్ళే. ఆ చెరువులు మా ఇళ్ళల్లో అన్నం పెట్టాయి, వాటిని తిట్టుకోను. కానీ చేలు పోయినప్పుడు పిల్లల ఆట స్థలం కూడా పోయిందని ఎవరూ లెక్క రాసుకోలేదు. ఇక పిల్లలకి మిగిలింది స్కూలు గ్రౌండు ఒక్కటే. అందుకే ఆ గ్రౌండులో ఎవరున్నారన్నది ఇదివరకటి కన్నా ఇప్పుడు ముఖ్యం.

మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉన్నప్పటి సంగతి. స్కూలు పేరు అనవసరం, మీ పిల్లల స్కూలు కూడా దాదాపు అలాగే ఉంటుంది. టైంటేబుల్లో వారానికి రెండు గేమ్స్ పీరియడ్లు రాసి ఉన్నాయి. రెండిట్లోనూ స్టడీ అవర్. పేరెంట్స్ మీటింగులో నేను లేచి, "గేమ్స్ ఎప్పుడు ఆడిస్తారండీ?" అని అడిగాను. "మేడం, మీ పాపకి మ్యాథ్స్‌లో ఎనభై ఆరే వచ్చాయి. దాని గురించి అడుగుతారనుకున్నాను" అన్నారు ఆ సారు. హాలంతా నవ్వింది. నవ్వినవాళ్ళలో ఎక్కువమంది నాలాంటి అమ్మలే. నాకు ఆయన మీద కోపం రాలేదు. ఆయన ఏ మాటంటే మనం నవ్వుతామో ఆ మాటే అన్నారు. మనం నవ్వడం మానేస్తే ఆయన కూడా ఇంకో జవాబు వెతుక్కుంటారు.

"ఆటలు అన్నం పెడతాయా?" అని మీరు అడగొచ్చు. మా అత్తయ్యగారూ అదే అడిగారు. న్యాయమైన ప్రశ్నే. పుల్లెల గోపీచంద్ గారి కన్నా ఆట విలువ తెలిసినవారెవరు? 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచి, అకాడమీ పెట్టి, సైనా నెహ్వాల్‌నీ పి.వి. సింధునీ ఒలింపిక్ పతకాల దాకా నడిపించిన మనిషి. ఆయనే 2025లో, బాగా డబ్బున్న కుటుంబమో కుటుంబ వ్యాపారమో ఉంటే తప్ప పిల్లల్ని ఆటనే బతుకుతెరువుగా ఎంచుకోనివ్వద్దని తల్లిదండ్రులకి చెప్పారు. చాలామంది ఆశ్చర్యపోయారు. నాకు మాత్రం ఆ మాట నిజాయితీగా అనిపించింది. వందలమంది ఆడితే ఒక్కరికి పేరు వస్తుంది. మిగతావాళ్ళు పాతికేళ్ళకి చదువూ ఉద్యోగమూ లేకుండా మిగిలిపోతే ఆ తల్లుల బాధ ఎవరు తీరుస్తారు?

అందుకే నేను అడిగేది పతకం కోసం కాదు. పిల్లని సింధుని చెయ్యమని ఎవర్నీ అడగను. వారానికి రెండు పీరియడ్లు, తెలిసిన మనిషి దగ్గర, ఒళ్ళు అలిసేలా ఆడించమంటాను. రహీం గారు స్కూలు గ్రౌండులో చేసింది మొదట ఇదే. అందరికీ ఆట పెట్టారు. అందరూ ఆడితేనే ఎక్కడో అమ్ముగూడలో ఉన్న పిల్లాడు కంటపడతాడు. కంటపడని మిగతా వందమందికి ఆరోగ్యం, నలుగురితో కలిసి నడిచే అలవాటు మిగులుతాయి. అది ఓడిపోయిన ఆట ఎలా అవుతుంది?

ఆడపిల్లల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. మగపిల్లాడు స్కూల్లో ఆడకపోయినా సందులోనో రోడ్డు మీదో ఆడతాడు. ఆడపిల్లకి పన్నెండు పదమూడేళ్ళు వచ్చాయంటే స్కూలు గ్రౌండు తప్పితే ఇంకో చోటు ఉండదు. అది కూడా తీసేస్తే ఆ పిల్ల మళ్ళీ పరుగెత్తేది బస్సు కోసమే. మన రాష్ట్రంలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ లోపు ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. రక్తం తిండి వల్ల పడుతుంది, ఆట వల్ల కాదు, నిజమే. కానీ ఆడే పిల్లకి ఆకలి వేస్తుంది. ఆకలేసిన పిల్ల కంచం ఖాళీ చేస్తుంది. పైగా ఆ పిల్ల నాలుగు అడుగులు పరుగెత్తి ఆయాసపడితే, ఒంట్లో ఏదో తక్కువైందని ముందు కనిపెట్టేది డ్రిల్లు మాస్టారే. క్లాసులో బెంచీ మీద కూర్చున్న పిల్లకి రక్తం తక్కువైతే బద్ధకం అంటారు.

ఇంకో భయం ఉంది. మనం పైకి అనం గానీ ప్రతి తల్లికీ ఉంటుంది. గ్రౌండులో ఆడపిల్లని మగ కోచ్ చేతికి ఎలా అప్పజెప్పడం? ఆ భయం తప్పని నేననను. అన్ని రకాల మనుషులూ అన్ని ఉద్యోగాల్లోనూ ఉంటారు. అయితే దానికి మందు ఆట మానిపించడం కాదు. ట్యూషన్ మాస్టారి గురించీ ఇలాంటి భయం ఉంది. ట్యూషన్ మానిపించామా? తలుపు తీసి ఉంచమన్నాం, ఇంకో పిల్లని తోడు పంపాం, మనం వెళ్ళి వరండాలో కూర్చున్నాం. గ్రౌండుకీ అదే చెయ్యాలి. లేడీ పీఈటీ కావాలని అడగాలి. వారానికి ఒక్కరోజు, మనలో ఒకరు వంతులు వేసుకుని గ్రౌండు గట్టున కూర్చోవాలి. కూరగాయలు తరుక్కుంటూ సీరియల్ చూసే అరగంటే కదా, అక్కడ కూర్చుని చిక్కుడుకాయలు వలుచుకోవచ్చు. మంచి కోచ్‌కి ఇది అవమానంగా అనిపించదు. పైగా తన పని చూసేవాళ్ళున్నారని సంతోషిస్తాడు. అనిపించినవాడి సంగతి అప్పుడే తెలిసిపోతుంది.

అడగడానికి మనకి హక్కు లేదనుకోకండి. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో స్కూలుకి ఆట స్థలం ఉండాలని రాసి ఉంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఉన్న బడిలో వందమందికి మించి పిల్లలుంటే, ఆరోగ్య వ్యాయామ విద్యకి కనీసం పార్ట్‌టైం బోధకుడైనా ఉండాలనీ ఉంది. ఆట సామాన్లు ఇవ్వాలనీ ఉంది. ఇవి దయతో పెట్టేవి కావు, చట్టంలో ఉన్నవి. ఫీజు రసీదు అడిగినంత ధీమాగా అడగొచ్చు.

మళ్ళీ రహీం గారి దగ్గరికి వస్తాను. 1962 జకార్తా ఆటలు ఆయనకి ఆఖరివి. అప్పటికే ఆయన్ని క్యాన్సర్ పట్టుకుంది. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. జర్నైల్ సింగ్ అనే డిఫెండరుకి తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. బయట చూస్తే ఊరంతా మనవాళ్ళ మీద మండిపడుతోంది. ఇజ్రాయెల్, తైవాన్ జట్లని ఇండోనేషియా రానివ్వకపోవడాన్ని మన అధికారి ఒకాయన తప్పుపట్టడంతో వచ్చిన గొడవ అది. సెప్టెంబరు 4న ఫైనల్లో ఎదురుగా మళ్ళీ దక్షిణ కొరియా. స్టేడియం నిండా మనల్ని గేలి చేసే జనం. తలకి కుట్లున్న డిఫెండర్ని రహీం గారు ముందు వరసలో ఆడించారు. జ్వరం నుంచి లేచిన తంగరాజ్‌ని గోల్‌లో నిలబెట్టారు. పి.కె. బెనర్జీ ఒక గోల్ కొట్టారు, ఆ కుట్లున్న జర్నైల్ సింగే రెండోది కొట్టారు. 2-1తో గెలిచాం.

ఎవడు ఏ చోట పనికొస్తాడో తెలియాలంటే ఆ పిల్లల్ని ఏళ్ళ తరబడి చూసి ఉండాలి. ఆటలో ఒక్క క్షణం కనిపించే ఆ నిర్ణయం వెనక ఒక బడిపంతులు కళ్ళున్నాయి. అలాంటి కళ్ళున్న మనిషికి బతికుండగా దేశం ఏ పెద్ద బిరుదూ ఇవ్వలేదు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైంది 1985లో. ఆయన 1963 జూన్ 11న పోయారు. జకార్తా గెలిచి ఇంకా ఏడాది కూడా కాలేదు.

మన స్కూళ్ళు మామూలుగా తెరిచేది ఆ మర్నాడే, జూన్ 12 ప్రాంతంలో. పుస్తకాలకి అట్టలు వేస్తాం, కొత్త యూనిఫాం కొలతలిస్తాం, ఫీజు కడతాం. ఈసారి ఫీజు కట్టే కౌంటరు దగ్గర ఇంకో రెండు మాటలు అడగండి. "మీ డ్రిల్లు మాస్టారి పేరేంటండీ? మా పాపని గ్రౌండులోకి ఏయే రోజుల్లో తీసుకెళ్తారు?" అనండి. నలుగురం అడిగితే నవ్వుతారు. నలభైమందిమి అడిగితే టైంటేబుల్ తీసి చూస్తారు. ఒకవేళ డ్రిల్లు మాస్టారు ఎదురుగా కనిపిస్తే, లెక్కల మాస్టారికి పెట్టే నమస్కారమే ఆయనకీ పెట్టండి. పిల్లలు మన చేతులనే చూస్తూంటారు.